సీలు తీయని డబ్బాలు

పోయిన వారం ఆనందమ్మను మనం ఓ ఇనప్పెట్టె ముందు కూర్చోబెట్టి వచ్చాం. రేణిగుంట హాస్టల్ ఖాళీ చేసి తెచ్చిన కృపారాణి పెట్టె అది. దుప్పటి ఎండలో వేద్దామని అడుగుదాకా తీసిన ఆనందమ్మకు ఆ మడతల్లో తెల్లని ప్లాస్టిక్ మాత్రల డబ్బాలు తొమ్మిది దొరికాయి. ఒక్కదానికీ మూత కింది సీలు చించి లేదు.

అవేం మాత్రలో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ళ కిందట చెల్లెలు ఎస్తేరు హెచ్.ఐ.వి.తో పోతూ ఐదేళ్ళ బిడ్డను ఆమె ఒడిలో వదిలిపోయింది. పుట్టుకతోనే బిడ్డకూ అది అంటింది. ఏడో ఏట ప్రభుత్వం ఇచ్చే మాత్రలు మొదలైనప్పటినుంచీ రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆనందమ్మ చేతిమీదుగానే అవి కృపారాణి నోట్లో పడ్డాయి. మూడేళ్ళ కిందట రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక మాత్రమే ఆ పని కృపారాణి చేతికి వెళ్ళింది. ఆర్నెల్ల కిందట మెడమీద గడ్డలు లేచాయి. రెండున్నర నెలలు టీబీ మందులు వాడితే తగ్గకపోగా చంకల్లోకి పాకాయి. తిరుపతి పెద్దాసుపత్రిలో ఒక గడ్డను కోసి పరీక్షకు పంపితే తేలింది, అది లింఫోమా అనే క్యాన్సర్ అని.

మూడు విడతల మందు ఎక్కింది. ఇంకా మూడు మిగిలాయి. మందు పని చేస్తోందో లేదో చెప్పే స్కాన్ మొన్ననే తీశారు. రిపోర్టు ఇవ్వాళ.

చిత్తూరు నుంచి తిరుపతికి పొద్దున బయలుదేరే మొదటి బస్సులో పెద్దమ్మా కూతురూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆనందమ్మ ఒడిలో గుడ్డసంచి ఉంది. అందులో తొమ్మిది డబ్బాలు. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా లోపలి మాత్రలు గలగలమంటున్నాయి. కృపారాణి రెండుసార్లు సంచి వైపు చూసింది. ఏముందని అడగలేదు. ఆమెకు తెలిసిపోయింది. ఆమెకు తెలిసిందని ఆనందమ్మకూ తెలిసిపోయింది. కాణిపాకం మలుపు దాటారు, చంద్రగిరి దాటారు, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

జూలై నెల. చిత్తూరు చుట్టుపక్కల మామిడిగుజ్జు ఫ్యాక్టరీలన్నీ రేయింబవళ్ళు ఆడే రోజులు. ఆనందమ్మ పాతికేళ్ళుగా ఆ సీజను ఒక్కటీ తప్పలేదు. ఈ ఏడు మాత్రం ఫ్యాక్టరీ గేటు ముఖం చూడలేదు.

ఆసుపత్రి రెండో అంతస్తులో క్యాన్సర్ విభాగం ముందు వరండా ఉంది. ఒక మూల బెంచీ ఖాళీ దొరికింది. టోకెన్ నంబరు పదకొండు. లోపల తొమ్మిదో నంబరు నడుస్తోంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని ఆనందమ్మ సంచి మూతి విప్పి కృపారాణి ఒడిలో పెట్టింది.

"ఇదేందిమ్మే?"

కృపారాణి తలకు కట్టుకున్న నీలం స్కార్ఫు సర్దుకుంది. మందు పడ్డ మూడో వారానికే జుట్టంతా రాలిపోయింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"యాడ దొరికినాయి?"

"యాడ దొరికినాయో నీకు తెల్దా? నీ దుప్పట్లో. నిన్న మద్యాన్నం సూసినా. అప్పటినించీ నోట్లోకి ముద్ద పోలేదు నాకు." ఆనందమ్మ ఒక డబ్బా తీసి చూపించింది. "ఇన్నేండ్లూ ఒక్క పూట తప్పనిచ్చినానామ్మే నేను? జరమొచ్చినా, పరీక్షలున్నా, యాడికన్నా పెండ్లికి పోయినా, ఎనిమిదయితే నీ నోట్లో ఏసి నీళ్ళు తాపినా. చర్చిలో పాట మధ్యలో నిన్ను బయటికి పిల్చుకోనొచ్చి తాపిన పొద్దు కూడా ఉండాది. నువ్వేమో సీలు గూడా తీయకుండా దాసిపెట్టినావా? తొమ్మిది నెలల మాత్రలు!"

"ఇవి తొమ్మిదే పెద్దమ్మా," అంది కృపారాణి మెల్లగా. "అంతకు ముందువి పారేసినా."

ఆనందమ్మ వేళ్ళమీద నెలలు లెక్కపెట్టసాగింది.

"ఏడాదిన్నర," కృపారాణే లెక్క పూర్తిచేసింది. "నెలనెలా పోయి డబ్బా తెచ్చుకుంటా ఉంటి. పోకపోతే వాళ్ళు నీకు ఫోన్ చేస్తారు గదా. తెచ్చి, పెట్టెలో ఏస్తా ఉంటి."

"యాల? యాల చేసినావట్లా? సావాలనుకుంటివా?"

"లేదు." కృపారాణి తల అడ్డంగా ఊపింది. "అట్లా యెప్పుడూ అనుకోలా. హాస్టల్లో గదికి ఆరుమందిమి. నా పక్క మంచం రాజశ్రీది. మంచి పిల్లే. ఒకరోజు నేను మాత్ర ఏసుకుంటా ఉంటే డబ్బా చేతిలోకి తీసుకునింది. 'దినామూ ఏం మింగతావక్కా, ఉండు ఫోన్‌లో కొట్టి చూస్తా' అనింది. నేను గబుక్కున లాక్కొంటి. బలం మాత్రలంటి. తను నవ్వి ఊరుకునింది. నేను ఊరుకోలేకపోతి. ఎనిమిదయితే చాలు, గుండె కొట్టుకునేది. బాత్రూములో తలుపేసుకుని మింగినా కొన్నాళ్ళు. ఆడా బయట ఎవరో ఒకరు నిలబడుకోనుంటారు. ఒక వారం ఏసుకోలా. ఏమీ కాలా. ఒక నెల ఏసుకోలా. అప్పుడూ ఏమీ కాలా."

వరండా అవతల స్ట్రెచర్ ఒకటి కిర్రుకిర్రుమంటూ వెళ్ళింది.

"నీకెట్లా చెప్పేది పెద్దమ్మా... ఆ నెల నేను అందరి మాదిరి ఉంటి. పుట్టినాక మొదటిసారి. రాత్రి ఎనిమిదికి అందరితో కలిసి సంగటి తింటా ఉంటే, నాకూ ఏ జబ్బూ లేదనిపించింది. ఆ రుచి తగిలినాక మళ్ళీ మొదలుపెట్టలేకపోతి."

ఆనందమ్మకు కోపం ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి అనాలనుకున్న మాటలన్నీ గొంతులో వరుసకట్టి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని లాగింది.

"సరే, మానేసినావు. మెడమీద గడ్డలొచ్చినప్పుడన్నా చెప్పొద్దా? మొదట చూసినాడే ఆ క్లినిక్ డాక్టరు, ఆయనకన్నా చెప్పుంటే?"

"ఆయన అడిగినాడు. వేరే జబ్బులేమన్నా ఉండాయా, ఏమన్నా మందులు వాడతా ఉన్నావా అని. ఏం లేదు సార్ అంటి."

"డాక్టరు దగ్గర గూడానా! ఎందుకే తల్లీ?"

కృపారాణి మొదటిసారి పెద్దమ్మ కళ్ళలోకి నేరుగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే ఆనందమ్మను ఎక్కువ బాధపెట్టింది.

"దాసిపెట్టమని నేర్పించింది నువ్వే గదా పెద్దమ్మా. రెండో తరగతిలో ప్రసన్నకుమారి టీచరు అడిగితే బలం మాత్రలని చెప్పమంటివి. నిజం చెప్తే బడినించి తరిమేస్తారంటివి. పక్కింటి అవ్వ అడిగినా చెప్పొద్దంటివి. సావాసగాళ్ళకు చెప్పొద్దంటివి. పదారేండ్లప్పుడు ఒకసారి మంచి సావాసగత్తెకు చెప్తానంటే చెంపమీద కొడితివి. ఎవరికి చెప్పాల, ఎప్పుడు చెప్పాల అని నాకెవరూ నేర్పలా. నాకు వచ్చిందంతా దాసేదొక్కటే."

ఆనందమ్మ చేతులు ఒడిలో పడిపోయాయి.

ఆ చెంపదెబ్బ ఆమెకూ గుర్తుంది. దానికి ముందువి కూడా గుర్తున్నాయి. ఎస్తేరు శవం ముంగిట్లో ఉంటే ఎత్తడానికి నలుగురు మగవాళ్ళు దొరకని సాయంత్రం. వీధికొళాయి దగ్గర ఆనందమ్మ బిందెకు దూరంగా జరిగిన బిందెలు. ఐదేళ్ళ పిల్లకు పక్కింటివాళ్ళు ఆకులో పెట్టి, ఆ ఆకును కర్రతో తోసి పారేసిన రోజు. ఇంకోసారి అట్లా జరగనివ్వకూడదనుకుంది. ఎస్తేరు జబ్బేమిటో తెలిసిన ఊరిని వదిలి, పిల్లను తీసుకుని చిత్తూరుకు ఇవతల ఇంకో పల్లెకు కాపురం మార్చింది. అక్కడ పిల్లకు అక్షరాలు దిద్దించినట్టే అబద్ధం కూడా దిద్దించింది. అది చేతిరాత కంటే గట్టిగా కుదిరింది.

"కృపారాణీ... టోకెన్ పదకొండు!"

నర్సు కేక వినబడింది. ఇద్దరూ లేచారు. సంచి ఎవరు పట్టుకోవాలో ఒక్క క్షణం తేలలేదు. ఆనందమ్మే తీసుకుంది.

డాక్టర్ ధర్మేంద్రకు నలభై దాటి ఉంటాయి. పలమనేరు వైపు మనిషి. రోగులతో మాట్లాడేటప్పుడు కుర్చీని బల్ల అవతలినుంచి ఇవతలికి లాక్కునే అలవాటు ఆయనకుంది. వాళ్ళు కూర్చోగానే కంప్యూటర్లో కృపారాణి నంబరు కొట్టాడు. తెరమీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"ఈ సర్వరుకు పొద్దున్నే బద్ధకం. రెండు నిమిషాలు కూర్చోండమ్మా."

ఆనందమ్మకు ఆ రెండు నిమిషాలు ఆగే ఓపిక లేదు. సంచిని బల్లమీద పెట్టి విప్పింది.

"సార్, ఇది మీకు తెల్సా?"

డాక్టర్ డబ్బాలు చూశాడు. తర్వాత కృపారాణిని చూశాడు. ఆమె తల ఊపింది.

"తెలుసమ్మా. మొదటిరోజే రక్తపరీక్షలో తెలిసిపోయింది. రోజూ మాత్ర వేసుకునేవాళ్ళ రక్తంలో వైరస్ లక్షల్లో ఉండదు. అడిగితే దాచకుండా చెప్పింది. మీకు చెప్పొద్దని కూడా అడిగింది. పేషెంటు మాట దాటకూడదు కాబట్టి నేను చెప్పలేదు. మీరు చూసిన ఆ కొత్త డబ్బా, రోజూ రాత్రి మీరిస్తున్నదే, అది ఆ రోజు మొదలుపెట్టించిందే."

"అయితే దీనివల్లే వచ్చిందా సార్ ఆ గడ్డ? నా బిడ్డే కొనితెచ్చుకునిందా?"

కృపారాణి నేలవైపు చూస్తోంది. ఈ ప్రశ్న ఆమె తనను తాను ఎన్నిసార్లు అడుక్కుని ఉంటుందో ఆనందమ్మకు ఆ క్షణంలో అర్థమైంది. అడిగినందుకు నాలుక కరుచుకుంది.

"మీరు ఫ్యాక్టరీలో ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు డాక్టర్.

"బెల్టు దగ్గర సార్. మామిడికాయ వస్తా ఉంటాది. కుళ్ళింది, పురుగుపట్టింది ఏరి పక్కనేస్తాం."

"ఒక బెల్టుకు ఎంతమంది ఉంటారు?"

"పదిమంది, పన్నెండుమంది."

"ఇద్దరే వచ్చినారనుకోండి?"

"అంతే సార్. చెడింది గూడా గుజ్జులోకి పోతాది."

"మన ఒంట్లోనూ అట్లాంటి బెల్టే తిరుగుతుంటుంది. కొత్త కణాలు రోజూ పుడుతుంటాయి. ఎంత బాగున్నవాళ్ళలోనైనా వాటిలో కొన్ని చెడ్డవి వస్తాయి. ఏరి పారేసే కణాలు వేరే ఉంటాయి. హెచ్.ఐ.వి. చంపేది సరిగ్గా ఆ ఏరేవాళ్ళనే. పైగా అది బెల్టును తిన్నగా తిరగనివ్వదు, జోరుగా తిప్పిస్తుంది. కాయలు ఎక్కువ, ఏరే చేతులు తక్కువ. దానికి తోడు చిన్నప్పుడే నూటికి తొంభైమందికి వచ్చి ఒంట్లో ఒక మూల నిద్రపోయే ఇంకో వైరస్ ఉంటుంది. కాపలా తగ్గినప్పుడు అది లేచి చెడ్డ కణాలకు సాయం పోతుంది. ఒక్క చెడ్డ కణం తప్పించుకుంటే చాలు, అదే గడ్డవుతుంది. అందుకే ఈ జబ్బున్నవాళ్ళలో లింఫోమా మామూలువాళ్ళకంటే చాలా ఎక్కువ."

ఆయన కృపారాణి వైపు తిరిగాడు.

"మాత్రలు మానేయడం వల్ల అవకాశం పెరిగింది. అది అబద్ధం చెప్పను. కానీ మానకుండా వాడినవాళ్ళకు కూడా ఒక్కోసారి వస్తుంది. నీకు పుట్టినప్పటినుంచి ఏడేళ్ళదాకా మాత్రే లేదు. ఆ ఏడేళ్ళూ నీ తప్పేం కాదు కదా. ఏది ఎంత అని తూకం వేసి చెప్పే మెషీను నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. అందుకని నువ్వు కూడా ఆ తూకం వేసుకోవద్దు."

కృపారాణి కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోటి సార్," ఆనందమ్మ గొంతు ఇప్పుడు తగ్గింది. "ఊర్లో సుబ్బులమ్మకు అవి బలం మాత్రలనే చెప్పినా. ఆమె అంటా ఉండాది, బలం లేని ఒంట్లోకి ఇంత గట్టి మందు ఎక్కిస్తే తట్టుకోదు, రెండు రకాల మందులు కలిస్తే విషమంట. నాకు అదే భయం."

"పూర్వం ఆ భయం మాకూ ఉండేది. సగం మందే ఇచ్చేవాళ్ళం. కొన్ని పాత మాత్రలు ఈ మందుతో గొడవపడేవి కూడా. ఇప్పుడు తనకిచ్చే మాత్రకు ఆ ఇబ్బంది లేదు, చూసుకునే మొదలుపెట్టాం. ఇక్కడ మేమిచ్చే మందు మీ బెల్టంతా కడిగేసే మందమ్మా. చెడ్డ కాయతోబాటు ఏరేవాళ్ళను కూడా కొంత తోసేస్తుంది. అందుకే ఆ రాత్రి మాత్ర ఆగకూడదు. తెల్లకణాలు పెరిగే సూది, ఊపిరితిత్తులకు జబ్బు రాకుండా సల్ఫా మాత్ర, ఇవన్నీ ఆ చేతులను కాపాడడానికే. అన్నీ కలిసి జరిగితే హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు కూడా మిగతావాళ్ళలాగే..."

ఆయన మాట సగంలో ఆపాడు. తెరమీద చక్రం ఆగిపోయి బొమ్మలు వచ్చాయి.

డాక్టర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పక్కపక్కన రెండు మనిషి బొమ్మలు పెట్టాడు. ఎడమవైపు బొమ్మ ఆనందమ్మ ఇదివరకు చూసిందే. మెడకు రెండువైపులా, చంకల్లో, రొమ్ము మధ్యలో నిప్పుకణికల్లా వెలుగులు. ఆ బొమ్మ చూసిన రోజున ఆమె మెట్లమీద కూలబడిపోయింది. కుడివైపు బొమ్మను ఆయన పైనుంచి కిందికి నెమ్మదిగా జరుపుతున్నాడు. మళ్ళీ పైకి. మళ్ళీ కిందికి.

ఆనందమ్మకు తలభాగంలో ఒక పెద్ద వెలుగు కనబడింది.

"సార్! తలకాయలోకి పోయిందా సార్? అదో, అంత వెలుగు!"

డాక్టర్ ఉలిక్కిపడి, వెంటనే నవ్వేశాడు.

"అది మెదడమ్మా! అందరికీ వెలుగుతుంది. నాకు తీసినా వెలుగుతుంది, మీకు తీసినా వెలుగుతుంది. కింద కనబడేది ఉచ్చసంచి. అదీ మామూలే. నేను చూస్తున్నది మెడ. ఇదిగో చూడండి. చంకలు. రొమ్ము. ఎక్కడన్నా కనబడుతోందా?"

ఆనందమ్మ తెరకు దగ్గరగా వంగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. పాతికేళ్ళుగా లక్షల కాయల మధ్య చెడ్డ మచ్చను పట్టుకున్న కళ్ళు అవి. మెడ దగ్గర వెతికాయి. చంకల్లో వెతికాయి. ఏమీ దొరకలేదు.

"లేదు సార్."

"లేదమ్మా. ఏమీ లేదు. మూడు విడతలకే మొత్తం ఆరిపోయింది."

కృపారాణి కుర్చీలోంచి కదల్లేదు. "నిజమా సార్?" అని అడిగింది, చిన్నపిల్ల గొంతుతో.

"నిజమే. అయిపోయిందని మాత్రం అనుకోవద్దు. మిగతా మూడు విడతలూ పూర్తిచేయాలి. తర్వాత మళ్ళీ స్కాన్. రెండేళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. కానీ నేను కోరుకున్న రిపోర్టు ఇదే. ఇంకో మంచి మాట కూడా ఉంది. నీ రక్తంలో వైరస్ ఇప్పుడు మెషీనుకు దొరకలేదు. ఏరే కణాలు మొదట్లో చిన్న చుక్క రక్తంలో అరవై నాలుగు ఉండేవి, ఇప్పుడు తొంభై ఒకటి. తక్కువే. కానీ ఈ మందు ఎక్కేటప్పుడు అవి సాధారణంగా పడిపోతాయి. నీకు పెరిగాయంటే మాత్ర ఒక్కరోజు కూడా తప్పలేదని అర్థం."

"నేనే ఇస్తా ఉండాను సార్," అంది ఆనందమ్మ. ఆ మాట అనేసరికి ఏడుపు ఆగలేదు. బల్లమీద తల పెట్టుకుని ఏడ్చింది. డాక్టర్ నర్సుకు సైగ చేసి నీళ్ళు తెప్పించాడు. అవి ఆమె తాగలేదు. కృపారాణి తాగింది.

బయటికి వస్తూ కృపారాణి గుమ్మం దగ్గర ఆగింది.

"సార్, ఒక మాట. వైరస్ దొరకలేదంటే... నా నించి ఇంకొకరికి వచ్చేదానికి లేదా?"

"ఇట్లాగే ఆర్నెల్లు నిలబడి, మాత్ర తప్పకుండా ఉంటే, భార్యాభర్తల మధ్య కూడా అంటదు. అప్పటిదాకా జాగ్రత్త ఉండాలి. బిడ్డల సంగతి ఈ మందులు అయిపోయి, రెండేళ్ళు గడిచాక మాట్లాడుకుందాం. వాళ్ళకు కూడా రాకుండా చూసుకోవచ్చు." డాక్టర్ ఎందుకని అడగలేదు. డబ్బాల సంచి అందిస్తూ, "ఇవి కింద మాత్రలిచ్చే సెంటర్లో తిరిగిచ్చేయండి. తేదీ మించనివి ఉంటే వాళ్ళు చూసుకుంటారు," అన్నాడు.

క్యాంటీన్లో ఆనందమ్మ నాలుగు ఇడ్లీలు తిని ఇంకో రెండు పెట్టించుకుంది. నిన్నటి మధ్యాహ్నం నుంచి ఆగిన ఆకలంతా ఒక్కసారి లేచింది. కృపారాణికి పచ్చళ్ళు పడవు కాబట్టి పొగలు కక్కే సాంబారు పోయించింది. ఇద్దరూ మాటలు లేకుండా తిన్నారు. కానీ బస్సులో ఉన్నప్పటిలా లేదు ఇప్పుడు. ఆనందమ్మకు ఒళ్ళంతా తేలికైంది. పక్క బల్ల మీద ఎవరో ముసలాయన టీలో బన్ను ముంచుకుని తింటుంటే అది కూడా ఆమెకు ఎంతో బాగా అనిపించింది.

చేయి కడుక్కుని వచ్చి ఆమె కూతురి పక్కకు జరిగింది.

"మ్మే. నేను ఒక మాట చెప్తా, గమ్మునుండి విను. ఆ పొద్దు అట్లా నేర్పకుంటే నిన్ను బడిలో ఉండనిచ్చుండరు. అది నిజం. దానికి నేను బాధపడేది లేదు. కానీ ఎప్పుడు నిలిపేయాలో నాకు తెలీకపాయ. నువ్వు పెద్దదానివైనావు, కాలం రవంత మారింది. నేను మాత్రం ఆడనే నిలబడుంటి. ఆ చెంపదెబ్బ... అది నా తప్పు."

కృపారాణి ఆమె చేతిమీద చెయ్యి వేసింది. "ఇప్పుడెందుకులే పెద్దమ్మా."

"ఇప్పుడే. ఇంకెప్పుడు?" ఆనందమ్మ ప్లేట్లు పక్కకు జరిపింది. "సరే, అది చెప్పు. డాక్టరును ఆ మాట ఎవరికోసం అడిగితివి?"

కృపారాణి స్కార్ఫు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

"రెండో విడతప్పుడు నాకు రక్తం ఎక్కించినారు గదా. దానికి బదులుగా బ్లడ్‌బ్యాంకులో రక్తం ఇచ్చిన మనిషి గుర్తుండాడా?"

"సన్నగా, కండ్లద్దాలు పెట్టుకున్నాయన. ఫ్యాక్టరీ వాళ్ళు పంపినారంటివే."

"ఫ్యాక్టరీ వాళ్ళు పంపలా. ఆయనే వచ్చినాడు. బాలచంద్ర. చంద్రగిరి వాళ్ళు. మా సెక్షన్లోనే, తయారైన ఫోన్లు పరీక్ష చేసే దగ్గర ఉంటాడు. పోయిన క్రిస్మస్ ముందర పెండ్లి చేసుకుందామా అని అడిగినాడు. లేదంటి. ఉగాదికి మళ్ళీ అడిగినాడు. లేదంటి. గడ్డ సంగతి తెలిసినాక, జుట్టు పోయినాక, ఆసుపత్రికొచ్చి మూడోసారి అడిగినాడు పెద్దమ్మా. అప్పుడూ లేదంటి. యాలని ఒక్కసారి కూడా చెప్పలా."

"క్యాన్సర్ అని తెలుసు. రెండోది తెల్దా?"

"తెలీదు."

ఆనందమ్మలో పాత అలవాటు లేచింది. చెప్పొద్దమ్మే, వాడి నోట్లోంచి ఫ్యాక్టరీ అంతా పాకుతుంది, అనబోయింది. పెదవుల దాకా వచ్చిన మాటను మింగేసింది.

"నీకేమనిపిస్తా ఉండాది?" అని మాత్రం అడిగింది.

"చెప్పాలని ఉండాది. పోతే పోనీ. దాసిపెట్టి ఉండేకన్నా అదే బాగుంటాది." కృపారాణి తలుపు వైపు చూసింది. "ఈ పొద్దు రిపోర్టని నిన్న ఫోన్లో నోరుజారినా. రావద్దంటి. వచ్చినట్టుండాడు."

ఆనందమ్మ తల తిప్పింది. క్యాంటీన్ బయట సైకిల్ స్టాండు నీడలో ఆ సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. డ్యూటీ చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది. లోపలికి రావడానికి ధైర్యం చాలక, వెళ్ళిపోవడానికి మనసొప్పక, ఒక కాలిమీదినుంచి ఇంకో కాలిమీదికి మారుతున్నాడు.

"నేనూ రానా?"

"ఒద్దు. నువ్వు ఈడే కూసో. ఇది నేను చెప్పాల్సిందే."

కృపారాణి లేచింది. నడిచేటప్పుడు ఒకసారి తూలింది, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ఎండలోకి వెళ్ళేముందు మాస్కు కిందికి లాగింది, ముఖం కనబడేటట్టు.

ఆనందమ్మకు మాటలు వినబడలేదు. చూపు మాత్రం అందింది. కృపారాణి రిపోర్టు గురించి చెప్పి ఉండాలి, అతని ముఖం విప్పారింది, రెండు చేతులూ జోడించాడు. ఆ తర్వాత ఆమె ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చేతులు కదపకుండా, నిటారుగా నిలబడి చెప్పింది. అతని ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. చేతులు కిందికి దిగాయి. ఒక అడుగు వెనక్కు వేశాడు. సైకిల్ స్టాండు ఇనప గొట్టానికి వీపు ఆనింది.

అయిపోయింది, అనుకుంది ఆనందమ్మ. లేవబోయింది. కానీ అతను వెళ్ళలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పెట్టుకున్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, చాలాసేపు ఏదో చెప్పాడు. ఈసారి కదలకుండా నిలబడిపోయింది కృపారాణి. ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

ఆమె తిరిగి క్యాంటీన్ వైపు చూసింది. ఆ ముఖాన్ని పాతికేళ్ళుగా చదువుతున్న ఆనందమ్మకు మొదటిసారి అందులో ఏముందో తెలియలేదు. ఏడుస్తోందో నవ్వుతోందో కూడా తెలియలేదు.

"పెద్దమ్మా!" కృపారాణి గట్టిగా పిలిచింది. "నువ్వొకసారి ఇట్లా రా. ఈయన వాళ్ళమ్మ గురించి చెప్తా ఉండాడు. నువ్వు గూడా వినాల."